బీట్‌రూట్ జ్యూస్ నుంచి నీలం మాత్ర దాకా: ఆడపిల్లల రక్తహీనతపై అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు డెసీలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే అది రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. పెద్దగా సన్నబడకుండా, బొద్దుగా కనిపించే పిల్లలూ ఇందులో ఉన్నారు. ఒళ్లు చూసి రక్తం ఎంతుందో చెప్పలేం.

అపోహ: బీట్‌రూట్, దానిమ్మ జ్యూస్ తాగితే రక్తం పడుతుంది.

రక్తం పట్టడానికి కావలసింది ఇనుము. ఆ ఎరుపు ఇనుముది కాదు, కాయలో ఉన్న రంగుది. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, దానిమ్మలో ఇంకా తక్కువ. 13-15 ఏళ్ల పిల్లకు రోజుకు కావలసింది 30 మిల్లీగ్రాములు. బెల్లం ముక్క కూడా ఇంతే: పది గ్రాములు తింటే అర మిల్లీగ్రాము దాటదు. జ్యూస్‌కు పెట్టే డబ్బుతో తోటకూర, ఉలవలు, సజ్జలు, నువ్వులు కొనండి. మాంసం తినే ఇళ్లలో వారానికోసారి కార్జం వండితే మరీ మంచిది.

అపోహ: ఆకుకూర రోజూ తింటోంది, ఇంకేం లోటు?

తినడం వేరు, ఒంటబట్టడం వేరు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుములో పదో వంతు కూడా పేగుల్లోంచి రక్తంలోకి చేరదు. సి విటమిన్ తోడైతే ఆ వాటా పెరుగుతుంది, టీ తోడైతే పడిపోతుంది. తోటకూర పప్పు పొయ్యి మీద నుంచి దించాక, కాస్త వేడి తగ్గనిచ్చి నిమ్మకాయ పిండండి. ఉడుకుతున్నప్పుడే పిండితే సి విటమిన్ కొంత పోతుంది. నిమ్మకాయ లేకపోతే అన్నం తిన్న వెంటనే ఒక జామకాయ ఇవ్వండి, ఉసిరికాయైనా సరే. పొద్దున ఇడ్లీ తింటూ టీ తాగే అలవాటుంటే, ఆ టీని కనీసం గంట వెనక్కి జరపండి. శనగలు, పెసలు నానబెట్టి మొలకలు వచ్చాక తింటే, ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. టమాటా కూర, పులుసు ఇనుప మూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది.

అపోహ: పచ్చి బియ్యం, బలపాలు తినడం వల్లే రక్తం తగ్గింది.

ఎక్కువసార్లు జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. ఒంట్లో ఇనుము తగ్గిన పిల్లకే వాటి మీద మనసు పోతుంది. డబ్బాలో బియ్యం గుప్పిట పట్టి నములుతుంటే తిట్టకండి, రక్తపరీక్ష చేయించండి. బడిలో ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర (అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు) వేసుకుందో లేదో కూడా అడగండి.

అపోహ: బడిలో ఇచ్చే నీలం మాత్ర వేడి చేస్తుంది, కడుపులో పడదు.

అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, కడుపునొప్పి రావచ్చు. భోజనం చేశాక నీళ్లతో వేసుకోవాలి, పాలతోనో టీతోనో కాదు. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదు, అది పేగులు పీల్చుకోని ఇనుము. క్యాల్షియం మాత్ర కూడా వాడుతుంటే ఆ రెండింటికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బడిలో వారానికొకటి ఇచ్చే ఈ నీలం మాత్ర రక్తహీనత రాకుండా కాపాడేందుకు. ఇప్పటికే వచ్చేసిన పిల్లకు అది చాలదు, తిండితోనే సరిచేయడమూ కుదరదు. డాక్టరు చెప్పిన మోతాదులో రోజూ మాత్రలు వాడాలి. హిమోగ్లోబిన్ 8 లోపు ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 12 దాటగానే మాత్రలు మానేస్తే ఒంట్లో నిల్వలు నిండవు, కొద్ది నెలల్లోనే మళ్లీ మొదటికి వస్తుంది.

నెలరోజులు సరిగ్గా వాడినా హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగకపోతే, మోతాదు పెంచుకుంటూ పోవద్దు. నెలసరి ఏడు రోజులు దాటుతోందా, ప్యాడ్ గంటకో రెండు గంటలకో తడిసిపోతోందా అని పిల్లను తల్లే దగ్గర కూర్చోబెట్టుకుని అడగాలి. బి12 విటమిన్ లోపం గానీ, తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త సమస్య) వాహకత గానీ ఉన్నాయేమో డాక్టరు చేత పరీక్ష చేయించండి.