కంప్యూటర్‌లో టైమ్ తప్పుతోందా? ఎంత తప్పిందో చూడండి

హనుమకొండలో మా బావమరిది నడిపే జిరాక్స్ దుకాణంలో ఒక వేసవి ఉదయం ఏ వెబ్‌సైటూ తెరుచుకోలేదు. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు నింపడానికి వచ్చిన విద్యార్థులు నలుగురైదుగురు వరుసలో నిలబడి ఉన్నారు. తెర మీద ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక తప్ప మరేమీ రావడం లేదు. నెట్ పోయిందని ఒకరు, వైరస్ పట్టిందని ఒకరు, సైటే పడిపోయిందని ఇంకొకరు అంటుండగా, తెర కుడి మూలన ఉన్న తేదీ మీద నా చూపు పడింది. 2009 జనవరి 1 అని ఉంది. “నిన్ననే కదా బావా కరెక్ట్ చేసిన, మళ్లీ గట్లనే అయింది” అన్నాడు మా బావమరిది. ఆ ‘మళ్లీ’ అన్న మాటతోనే జబ్బేమిటో సగం తెలిసిపోయింది.

తేదీ తప్పితే వెబ్‌సైట్లు ఎందుకు ఆగాలి? ప్రతి సురక్షిత వెబ్‌సైటూ తాను ఎవరో చెప్పే ఒక డిజిటల్ సర్టిఫికెట్‌ను బ్రౌజర్‌కు చూపిస్తుంది. ఆ సర్టిఫికెట్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. కంప్యూటర్ తాను 2009లో ఉన్నానని నమ్ముతున్నప్పుడు, నిరుడో ఈ ఏడో ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. కాబట్టి బ్రౌజర్ దాన్ని నిరాకరించడం తప్పు కాదు, తన పని తాను చేసిందంతే. నెట్ పోయిందనుకుని రౌటర్‌ను ఆపి వేసేవారు, విండోస్ మళ్లీ వేయించుకునేవారు ఒక్కసారి తేదీ చూసుకుంటే ఎంత శ్రమ తప్పుతుందో కదా అనిపిస్తుంది నాకు.

కంప్యూటర్‌లో నిజానికి రెండు గడియారాలు ఉంటాయి. ఒకటి మదర్‌బోర్డు (డబ్బా లోపల ఉండే ప్రధాన సర్క్యూట్ పలక) మీద, కరెంటు ఉన్నా లేకపోయినా రాత్రింబవళ్లు నడిచేది. రెండోది విండోస్ గానీ, దానిలాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ గానీ నడుస్తున్నంత సేపూ లెక్కపెట్టేది. మనకు తెర మీద కనబడేది ఈ రెండోదే. సిస్టమ్ ఆన్ చేయగానే ఇది మొదటిదాన్ని ‘ఇప్పుడు ఎంతయింది’ అని అడిగి, అక్కడి నుంచి తన లెక్క తాను మొదలుపెడుతుంది. 1981లో వచ్చిన మొట్టమొదటి ఐబీఎమ్ పీసీలో బ్యాటరీతో నడిచే గడియారమే లేదు, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం చేత్తో కొట్టవలసి వచ్చేది. 1984లో వచ్చిన పీసీ ఏటీ నుంచి అది మదర్‌బోర్డులో భాగమైంది.

ఆ మొదటి గడియారానికి గుండె ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. క్వార్ట్జ్‌ను నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. విద్యుత్తు ఇస్తే అది అదురుతుందన్నది అదే గుణానికి రెండో ముఖం. రెండు కాళ్ల శ్రుతిదండంలా (ట్యూనింగ్ ఫోర్క్) కోసిన ఈ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు అదురుతుంది. వినడానికి వింతగా ఉన్న ఈ అంకె వెనుక చక్కని ఏర్పాటు ఉంది: ఒకటిని పదిహేను సార్లు రెట్టింపు చేస్తూ పోతే వచ్చేది 32,768. అంటే ఆ అదురులను వరుసగా పదిహేను సార్లు సగం చేస్తూ పోతే చివరకు సరిగ్గా సెకనుకు ఒక్క దెబ్బ మిగులుతుంది. మన చేతి క్వార్ట్జ్ గడియారంలో ఉండేదీ ఇలాంటి స్ఫటికమే.

ఎండలకు టైమ్ తప్పుతుందని మా వైపు చాలామంది అంటారు. ఇందులో నిజం లేకపోలేదు గానీ అది చాలా చిన్న నిజం. ఈ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారవుతుంది. అంతకంటే వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. మే నెలలో రామగుండం ఎండకు కంప్యూటర్ డబ్బా లోపల 50 డిగ్రీలు ఉన్నాయనుకుని లెక్క వేసినా, రోజుకు రెండు సెకన్లలోపే వెనుకబడుతుంది. మామూలుగా స్ఫటికాల తయారీలో ఉండే తేడా వల్ల కూడా రోజుకు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ కావచ్చు. నెలకు ఒక నిమిషం తప్పితే నింద స్ఫటికం మీద, ఎండ మీద వేయవచ్చు. రాత్రికి రాత్రే పన్నెండు గంటలు తప్పితే, లేదా తేదీ ఏళ్ల వెనక్కి పోతే, కారణం వేరే వెతకాలి.

అందుకే నేను ముందు అడిగే ప్రశ్నలు రెండే: ఎంత తప్పింది, ఎప్పుడు తప్పింది? సిస్టమ్ నడుస్తున్నంత సేపు టైమ్ సరిగ్గానే ఉండి, ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు మాత్రమే తప్పుతోందంటే, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించే బిళ్ల సెల్లు అయిపోవచ్చిందని అర్థం. రాత్రి తొమ్మిదికి ఆపిన కంప్యూటర్ పొద్దున్న ఆన్ చేసినప్పుడు తొమ్మిదీ ఐదే చూపిస్తే గడియారం రాత్రంతా ఆగిపోయిందన్నమాట. సెల్లు పూర్తిగా చచ్చిపోతే తేదీ మదర్‌బోర్డు తయారైన కాలానికో, దాంట్లో ముందే రాసి పెట్టిన ఏదో ఒక తేదీకో వెళ్లిపోతుంది. మా బావమరిది సిస్టమ్‌కు ఆ తేదీ 2009 జనవరి 1.

ఈ సెల్లు పేరు సీఆర్2032. వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు అన్న కొలతలు ఆ అంకెలోనే ఉన్నాయి. దీని శక్తి సుమారు 220 మిల్లీఆంపియర్ గంటలు. గడియారం 5 మైక్రోఆంపియర్లు తాగుతుందనుకుంటే 44,000 గంటలు, అంటే ఐదేళ్లు వస్తుంది. కానీ గోడ స్విచ్చి వేసి ఉన్నంత కాలం, కంప్యూటర్ ఆపి ఉన్నా సరే, ఎస్ఎమ్‌పీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) నుంచి వచ్చే కొద్దిపాటి విద్యుత్తే గడియారాన్ని నడిపిస్తుంది. సెల్లు మీద భారం పడదు. రోజూ రాత్రి మెయిన్ స్విచ్చి దించి తాళం వేసుకుని వెళ్లే దుకాణంలో సెల్లు త్వరగా అయిపోవడానికి కారణం ఇదే. అలాగని స్విచ్చి వేసి ఉంచమని నేను చెప్పను. రాత్రి వైర్లు కాలే ప్రమాదం కంటే సెల్లు ఖర్చు చాలా చిన్నది, నలుగురు కూర్చుని చాయ్ తాగినంత.

ఆ రోజు మార్చింది కూడా అదే. ముందుగా, విండోస్ మొదలుకాకముందే తెరిచే మదర్‌బోర్డు సెటప్ తెరలోని పేజీలన్నిటినీ ఫోన్‌తో ఫొటో తీసుకున్నాం. సెల్లు తీస్తే పాత బోర్డుల్లో ఈ సెట్టింగులు మొదటికి వచ్చి, ఒక్కోసారి హార్డ్ డిస్క్ నుంచి విండోస్ మొదలు కాకుండా పోతుంది. తర్వాత స్విచ్చి ఆపి, వైరు పీకి, పక్క రేకు విప్పాం. రోడ్డు దుమ్ము, జిరాక్స్ టోనర్ పొడి కలిసి బోర్డంతా బూడిద రంగు మెత్తటి పొరలా పరుచుకుని ఉంది. బ్రష్‌తో దులిపితే పాత రూపాయి బిళ్లంత సెల్లు కనబడింది. పక్కనున్న చిన్న ఇనుప నాలుకను గోటితో నెట్టగానే అది తనంతట తనే పైకి లేచింది. మీటరు పెట్టి చూస్తే 3 వోల్టులకు పైగా ఉండవలసింది 1.9 చూపింది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది. పాత సెల్లును మాత్రం చిన్నపిల్లలకు అందకుండా వెంటనే తీసేయాలి. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిపోయేలా చేస్తుంది కాబట్టి, అలా జరిగిందని అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

తేడా ఎప్పుడూ ఒకే లెక్కలో, అరగంటతో సహా కచ్చితంగా ఉంటే సెల్లును అనుమానించనక్కర లేదు. అది సెట్టింగుల తప్పు. సరిగ్గా ఐదున్నర గంటల తేడా ఇంజినీరింగ్ విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో తరచుగా కనబడుతుంది. భారత కాలమానానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. గంటకు 15 డిగ్రీల చొప్పున లెక్కిస్తే అది గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. (వరంగల్ ఆ రేఖకు దాదాపు మూడు డిగ్రీలు పడమరగా ఉంది కాబట్టి, మన గడియారం పన్నెండు కొట్టిన సుమారు పన్నెండు నిమిషాలకు గానీ ఇక్కడ సగటున అసలైన మధ్యాహ్నం కాదు.) బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, అంతర్జాతీయ (గ్రీనిచ్) సమయమని లినక్స్ అనుకుంటుంది. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ ఉంటే, లినక్స్ రాసి పెట్టిన సమయాన్ని విండోస్ ఉన్నదున్నట్టు చదివి ఐదున్నర గంటలు వెనుకబడుతుంది. విండోస్ రాసినదానికి లినక్స్ ఐదున్నర కలిపి ముందుకు పోతుంది. రెండింటిలో ఏదో ఒకదానికి రెండోదాని పద్ధతి నేర్పడమే దీనికి మందు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అన్న విలువను 1 చేసి దానికే నేర్పడం మేలని నా అభిప్రాయం.

పదమూడున్నర గంటలు, లేదా వేసవిలో పన్నెండున్నర గంటలు వెనుక ఉంటే అది అమెరికా పడమటి తీరపు సమయం. విండోస్ వేసినవారు టైమ్ జోన్ మార్చకుండా వదిలేశారన్నమాట. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు: జోన్ ముట్టుకోకుండా ముళ్లను మాత్రం చేత్తో తిప్పుతారు. ఆ కాసేపు సరిగ్గానే కనబడుతుంది గానీ, ఇంటర్‌నెట్ నుంచి సరైన సమయం రాగానే కంప్యూటర్ దాన్ని మళ్లీ అమెరికా లెక్కలోకి మార్చుకుంటుంది. ముందు జోన్ సరిచేయాలి, తర్వాతే సమయం.

ఇంటర్‌నెట్ నుంచి సమయం తెచ్చుకునే పద్ధతి పేరు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్). అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ 1980లలో దీన్ని రూపొందించారు. సర్వర్, అంటే సమయం చెప్పే దూరపు కంప్యూటర్, ‘ఇప్పుడు ఇంత’ అని చెప్పిన మాట మనదాకా చేరేలోపు ఆ ‘ఇప్పుడు’ పాతబడిపోతుంది, చిక్కంతా అక్కడే ఉంది. మన కంప్యూటర్ తన గడియారం ప్రకారం 10 గంటల 0.00 సెకన్లకు ప్రశ్న పంపి, 0.08 సెకన్లకు జవాబు అందుకుందనుకుందాం. ప్రశ్న తనను చేరినప్పుడు 10 గంటల 5.04 సెకన్లు అయిందని సర్వర్ చెప్పింది. పోవడానికీ రావడానికీ ఒకే సమయం పట్టిందనుకుంటే, సర్వర్‌ను చేరినప్పుడు మన గడియారంలో 0.04 అయి ఉండాలి. అంటే మనం సరిగ్గా 5 సెకన్లు వెనుకబడ్డాం. దారి ఎంత దూరమైనా ఈ సగం లెక్క పనిచేస్తుంది. మన దేశపు ప్రామాణిక సమయాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం పరమాణు గడియారాలతో నిలబెడుతోంది.

ఇంత చక్కని ఏర్పాటు ఉండగా 2009 ఎందుకు తనంతట తాను సరికాలేదని ఆ రోజు ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. ఇళ్లలో, దుకాణాల్లో వాడే మామూలు విండోస్ కంప్యూటర్లలో, తేడా 15 గంటలకు మించితే సర్వర్ మాటను నమ్మకూడదన్న నియమం ముందే పెట్టి ఉంటుంది. అంత పెద్ద తేడా వస్తే సర్వరే తప్పు చెబుతోందేమోనన్న జాగ్రత్త అది. కాబట్టి తేదీని ముందు చేత్తో దగ్గరికి తెచ్చి, తర్వాత సమకాలీకరణ బటన్ నొక్కాలి. కొత్త సెల్లు పెట్టాక మేం చేసిందీ అదే. నిమిషం తిరక్కుండా దరఖాస్తు పేజీ తెరుచుకుంది.

ఒక్క పని మాత్రం మిగిలిపోయింది. ఆ ఉదయం తేదీ ఎవరూ చూడకముందు స్కాన్ చేసి దాచిన కుల, ఆదాయ ధ్రువపత్రాలన్నీ 2009 తేదీతో ఫోల్డర్‌లో అట్టడుగుకు చేరాయి. సాయంత్రం దాకా ఒక్కొక్కరే వచ్చి తమ కాపీ అడుగుతుంటే, మా బావమరిది జాబితా చివరకు జరుపుకుంటూ వెళ్లి వాటిని వెతికి ఇచ్చాడు.