నెత్తురు చెప్పేది నిన్నటి మాట

పోయిన వానాకాలం కర్నూలు సి.క్యాంపులో మా తమ్ముడింటి కుక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు. కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం టీ డికాషన్ రంగులో పోస్తోంది. ఇంటి వెనక మురుగుకాలువ, అందులో పందికొక్కుల కాపురం. ఇంకేముంది, ఇది ఎలుక జ్వరమేనని అందరం కలిసి తేల్చేశాం. నెత్తురు తీయించి బెంగళూరులోని ల్యాబ్‌కు పంపితే మా మాటే నిజమన్నట్టు రిపోర్టు వచ్చింది: ఎలుక జ్వరం క్రిముల్లో కానికోలా అనే రకానికి 1:200 దగ్గర పాజిటివ్. ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి మా తమ్ముడికి టెన్షన్ మొదలైంది.

పశువుల డాక్టరు మాత్రం ఆ కాగితాన్ని పెద్దగా పట్టించుకోలేదు. "టీకా ఎప్పుడు ఏయించినారు సార్?" అని అడిగాడు. రెండు నెలల కిందట, అన్నీ కలిపి ఒకే సూదిగా వేస్తారే, అది. "ఐతే ఈ కాగితం జబ్బును చూపిస్తాందో, మనం ఏసిన సూదిని చూపిస్తాందో ఎట్ల చెప్పేది?" అన్నాడు. కుక్కకు వేసే ఆ కలగలుపు టీకాల్లో చాలావాటిలో ఎలుక జ్వరం తెచ్చే క్రిమి లెప్టోస్పైరాకు టీకా కూడా కలిసి ఉంటుంది. ఆ సూది పడ్డాక, క్రిమిని ఎదిరించటానికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రతిరక్షకాలు కొన్ని నెలలపాటు నెత్తురులో కనిపిస్తాయి. డాక్టరు చెవి దగ్గర చిన్న చుక్క నెత్తురు తీసి గాజుపలక మీద పూసి చూశాడు. ఎర్ర కణాల లోపల జంటజంటలుగా బేబీసియా అనే పరాన్నజీవి. పిడుదులు మోసుకొచ్చే జబ్బు. కళ్ళు పచ్చబడటానికి, మూత్రం రంగు మారటానికి అదే చాలు.

కార్డు మీద తారీఖుతో సహా టీకా వివరం రాసి ఉన్న ఇంటి కుక్కతోనే ఇంత తికమక అయితే, నల్లమలలో తిరిగే ఎలుగుబంటి సంగతేమిటి? రోళ్ళపాడు గడ్డిమైదానంలోని తోడేలు సంగతేమిటి? అవి మూడు రోజులు తిండి మానేశాయని వచ్చి చెప్పేవాళ్ళెవరూ లేరు.

లెప్టోస్పైరా ఒక సన్నటి బ్యాక్టీరియా, పెన్నులోని స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది. మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. మామూలు మైక్రోస్కోపు వెలుతురులో కనిపించదు. చుట్టూ చీకటి చేసి పక్కనుంచి వెలుతురు పడేలా చూడాలి. మిద్దె గవాచిలోంచి పడే ఎండలో గాలిలోని దుమ్ము మెరుస్తుంది చూడండి, అదే కిటుకు. దాని కొసలు కొక్కెంలా వంగి ఉంటాయి. 1907లో అమెరికాలో స్టిమ్సన్ అనే డాక్టరు, పచ్చజ్వరంతో చనిపోయాడనుకున్న ఒక రోగి మూత్రపిండంలో దీన్ని చూశాడు. ప్రశ్నార్థకం గుర్తులా ఉందని 'ఇంటెరోగాన్స్' అని పేరు పెట్టాడు. ఈ పేరు ఇంత బాగా సరిపోతుందని ఆయన అనుకొని ఉండడు. 1915లో జపాన్‌లో ఇనడా, ఇదో అనే ఇద్దరు బొగ్గు గని కూలీల జబ్బుకు ఇదే కారణమని పట్టుకున్నారు. దాదాపు అదే సమయంలో జర్మన్లు కందకాల్లోని సైనికుల్లో కనిపెట్టారు. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలోనే ఎలుక మూత్రపిండం దాని నివాసమని జపాన్ వాళ్ళు చూపించారు.

నివాసం అన్న మాట ఊరికే వాడలేదు. మూత్రపిండంలోని సన్నటి గొట్టాల లోపలి గోడను పట్టుకొని ఇది నెలలపాటు, ఎలుకలోనైతే బతికినంత కాలం ఉండగలదు. నెత్తురులోని ప్రతిరక్షకాలు అక్కడిదాకా సరిగా చేరవు. ఎలుకకు జబ్బేమీ ఉండదు, అది తిరిగిన చోటల్లా మూత్రంతో క్రిమిని చల్లుకుంటూ పోతుంది. ఈ జాతిలో 250కి పైగా రకాలున్నాయి, ఒక్కో రకానికి ఒక్కో జంతువు పుట్టిల్లు. ఇక్టెరోహెమరేజియేకు ఎలుక, కానికోలాకు కుక్క, హార్డ్జోకు ఆవు, పొమోనాకు పంది. మనిషి దేనికీ పుట్టిల్లు కాదు. దారి తప్పి వచ్చిన క్రిమికి మన ఒళ్ళు దొరుకుతుందంతే. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 10 లక్షల మందికి ఈ జబ్బు వస్తోందనీ, దాదాపు 59 వేల మంది చనిపోతున్నారనీ 2015లో వచ్చిన ఒక అంచనా.

అసలు చిక్కంతా ఈ పుట్టింటి దగ్గరే ఉంది. ఇంటి మనిషి వస్తే కుక్క మొరగదు, కొత్తవాడు వస్తే వీధంతా లేపుతుంది. ఒంట్లోని ప్రతిరక్షకాల తీరు కూడా కొంత అంతే. తనకు అలవాటైన రకం వచ్చినప్పుడు జంతువు నెత్తురులో ప్రతిరక్షకాలు తక్కువగా ఉంటాయి, ఒక్కోసారి పరీక్షకు అందవు కూడా. అలవాటు లేని రకం వస్తే జబ్బు ముదురుతుంది, ప్రతిరక్షకాలు ఆకాశానికి ఎక్కుతాయి. అంటే నెత్తురు పరీక్షలో గట్టిగా అరిచే జంతువు చాలాసార్లు బాధితురాలు. క్రిమిని ఊరంతా పంచే జంతువు చప్పుడు చేయకుండా దాటిపోతుంది. అడవి జంతువుల మీద "నూరింట్లో ఇన్నింటికి పాజిటివ్" అని వచ్చే లెక్కలు చదివేటప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

ఆ నెత్తురు పరీక్షను మ్యాట్ అంటారు. వందేళ్ళ కిందటి ఆలోచన, ఇప్పటికీ దీన్నే ప్రమాణంగా తీసుకుంటారు. ల్యాబ్‌లో ఇరవై రకాల దాకా లెప్టోస్పైరాను బతికి ఉండగానే పెంచాలి. పాడి పశువుల్లాగా వాటికి వేళకు మేత మార్చాలి, ఏ ఒక్కటీ చావకూడదు, ఒకదాంట్లో ఇంకొకటి కలవకూడదు. జంతువు నెత్తురులోంచి తీసిన సీరాన్ని 50 రెట్లు, 100 రెట్లు, 200 రెట్లు, 400 రెట్లు అని పలచన చేసుకుంటూ పోయి, ఒక్కోదానికీ బతికున్న క్రిములను కలుపుతారు. రెండు మూడు గంటల తర్వాత చీకటి మైక్రోస్కోపు కింద చూస్తారు. ప్రతిరక్షకాలుంటే క్రిములు ఒకదానికొకటి అతుక్కొని ఉండలు కడతాయి. సగం క్రిములు ఉండకట్టి సగం మాత్రమే విడిగా ఈదుతున్న చివరి పలచన ఏదో అదే ఫలితం. 1:200 అంటే 200 రెట్లు పలచన చేసినా ఇంకా పట్టు వదల్లేదని. సగమా కాదా అని తేల్చేది మాత్రం మనిషి కన్నే. ఒకే పలకను ఇద్దరు చూస్తే రెండు మాటలు చెప్పటం వింతేమీ కాదు.

ఇంత పాత పద్ధతిని ఇంకా ఎందుకు పట్టుకొని వేలాడుతున్నారు? అడవి జంతువుల వైపు నుంచి చూస్తే ఒక మంచి కారణం ఉంది. ఎలైసా వంటి పరీక్షల్లో చాలావాటికి ఆ జంతువు ప్రతిరక్షకాన్ని గుర్తుపట్టే మందు విడిగా ఉండాలి. మనిషికి, ఆవుకు, కుక్కకు అది దొరుకుతుంది. ఎలుగుబంటికి, కొండగొర్రెకు, పునుగుపిల్లికి ఏ కొట్లో తెస్తారు? మ్యాట్‌కు ఆ గొడవ లేదు. నెత్తురు ఎవరిదైనా సరే, ఉండ కట్టిందా లేదా అన్నదే లెక్క.

కానీ ల్యాబ్‌లో పెంచుతున్న ఇరవై రకాల్లో లేని రకం మన అడవిలో తిరుగుతుంటే నెత్తురు నెగెటివ్‌గానే వస్తుంది. అడిగిన ప్రశ్నకే జవాబు వస్తుంది, అడగనిదానికి రాదు. అందుకే ఆ ప్రాంతం ఎలుకల్లో, పశువుల్లో దొరికిన క్రిమిని పెంచి ఆ వరుసలో చేర్చుకోవాలి. క్రిమిని పెంచటం మహా ఓపిక పని. ప్రత్యేకమైన ద్రవంలో, 30 డిగ్రీల దగ్గర, వారాల తరబడి, ఒక్కోసారి మూడు నెలలు. ఈలోపు వేరే బ్యాక్టీరియా ఏదైనా పడిందంటే మొత్తం పారబోసుకోవాలి.

ఇంకో చిక్కు, ఒక్కసారి తీసిన నెత్తురు జబ్బు ఎప్పటిదో చెప్పదు. రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ తీసి, 1:200 ఉన్నది 1:800 అయిందా అని చూడాలి. నాలుగు రెట్లు పెరిగితేనే కొత్త జబ్బు. మత్తు సూది దెబ్బ ఒకసారి తిన్న ఎలుగుబంటి రెండు వారాలకు మళ్ళీ వచ్చి చేయి చాపుతుందా! అందువల్ల అడవి జంతువు రిపోర్టులో 1:100 కనబడితే, "ఈ జంతువు ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రిమిని కలుసుకుంది" అని మాత్రమే చదవాలి. అంతకు మించి చదివితే మనం కల్పించుకున్నట్టే.

జూలో ఆ రెండో నెత్తురు దొరుకుతుంది. మాంసం ముక్క ఆశతో తోకను కటకటాల బయటకు పెట్టటం పులులకు నేర్పి, ఆ తోక నరం నుంచి మత్తు లేకుండానే నెత్తురు తీసే పద్ధతి చాలా జూలలో ఉంది. అక్కడ ఏ జంతువు ఎప్పుడు తిన్నదీ, ఎప్పుడు మానేసిందీ రాసిపెట్టి ఉంటుంది. మరి జూలో అంతా తేలికేనా? పశుగ్రాసం, దాణా ఉన్నచోట ఎలుక రాకుండా ఆపినవాళ్ళెవరూ లేరు. పశ్చిమ దేశాల జూలలో నల్ల ఖడ్గమృగాలకు ఎర్ర కణాలు పగిలిపోయి ఉన్నట్టుండి చనిపోయే జబ్బు వచ్చేది. కొన్నింటిలో దాని వెనక లెప్టోస్పైరా ఉందని తేలి టీకాలు వేయటం మొదలుపెట్టారు. వేసిన తర్వాత వాటి నెత్తురు కూడా మా తమ్ముడి కుక్క నెత్తురు లాగే రెండు అర్థాలు చెప్పటం మొదలుపెట్టింది.

ఇవాళ క్రిమిని పంచుతున్నది ఎవరో తెలియాలంటే మూత్రం కావాలి. జబ్బు మొదటి వారంలో క్రిమి నెత్తురులో ఉంటుంది, ఆ తర్వాత మూత్రపిండానికి చేరుకుంటుంది, రెండో వారం నుంచి మూత్రంలో కనబడుతుంది. మూత్రంలో దాని డీఎన్ఏ వెతకటానికి పీసీఆర్ చేస్తారు. కోవిడ్ పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు అందరికీ తెలుసు. ఇందులో వెతికేది ఎక్కువగా లిప్ఎల్32 అనే జన్యువు. జబ్బు చేసే లెప్టోస్పైరాలలోనే అది ఉంటుంది. నేలలో, నీళ్ళలో హాయిగా బతికే నిరపాయకరమైన చుట్టాలలో ఉండదు. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే బోనులో నేల మీద పడిన మూత్రాన్ని ఎత్తితే దాంతోపాటు నేలలోని చుట్టాలు కూడా సీసాలోకి వస్తారు.

అన్నిటికంటే శుభ్రమైన మూత్రం కడుపు మీదనుంచి సూదితో నేరుగా తిత్తిలోంచి తీసినది. దానికి జంతువు మత్తులో ఉండాలి. తీశాక కూడా ఆలస్యం పనికిరాదు. మూత్రం పులుపుగా ఉంటే క్రిమి గంటల్లోనే చచ్చి చెదిరిపోతుంది, కాబట్టి తీసిన వెంటనే ఆ పులుపు విరిచి చల్లగా పెట్టాలి. ఇంత చేసినా క్రిమి రోజూ ఒకేలా బయటికి రాదు. ఇవాళ వస్తుంది, నాలుగు రోజులు రాదు. ఒక్క నెగెటివ్‌తో చేతులు దులుపుకోవడానికి లేదు. చనిపోయిన జంతువైతే మూత్రపిండం ముక్క తీసుకోవచ్చు, రోడ్డు మీద బండి కింద పడినదైనా సరే.

కాలిఫోర్నియా తీరంలో సముద్ర సింహాలకు 1970 ప్రాంతం నుంచి పొమోనా రకం వల్ల గుంపులు గుంపులుగా జబ్బు చేస్తోంది. మూత్రపిండాలు పాడై ఒడ్డుకు కొట్టుకొస్తాయి. బాగున్నాయనుకున్న జంతువుల మూత్రం పరీక్షిస్తే కొన్నింటిలో క్రిమి ఉంది, నలతగా కూడా కనిపించలేదు. ఒడ్డుకొచ్చి పడినవాటినే లెక్కపెట్టి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

ఇక మన నేల సంగతి. లెప్టోస్పైరా ఎండకు, ఆరిపోవటానికి తట్టుకోలేదు. తడి నేలలో, నిలవ నీటిలో వారాలు నెలలు బతుకుతుంది. అందుకే 2005 ముంబై వరదల తర్వాత, 2018 కేరళ వరదల తర్వాత దీని పేరు వినబడింది. మరి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో దీని భయమెందుకు అనిపిస్తుంది. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఎండాకాలంలో ఇక్కడి నీళ్ళు ఎక్కడుంటాయో చూడండి. ఎండిన చెరువులో మిగిలిన ఒక మడుగు. నల్లమలలో అటవీశాఖ వాళ్ళు ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లు, అంటే జంతువులు తాగే నీటి తొట్లు. గొర్రెల మంద, ఊరకుక్కలు, కృష్ణజింక, నక్క, అడవిపంది, ఎలుక, అన్నీ ఆ ఒక్క చోటికే రావాలి. నీళ్ళు తక్కువైన కొద్దీ ఆ తడి పక్కన గుంపు ఎక్కువ. ఆ నీటినే వడగట్టి, వడపోత కాగితం మీద మిగిలినదానిలో డీఎన్ఏ వెతికే పద్ధతి కూడా ఉంది. ఏ జంతువునూ ముట్టుకోనక్కర్లేదు, మత్తు సూది అక్కర్లేదు. క్రిమి అక్కడ ఉందని అది చెబుతుంది, ఎవరు వదిలిపోయారన్నది చెప్పదు.

కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద సంగతి వేరు. అక్కడ వరిమడి, పందికొక్కు, బర్రె, మనిషి ఒకే బురదలో ఉంటారు. ఆవు ఈసుకుపోతే, అంటే కడుపు పోతే, రైతుకైనా డాక్టరుకైనా ముందు గుర్తొచ్చేది బ్రూసెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా. అది సబబే. అయితే హార్డ్జో కూడా అదే పని చేస్తుంది, పైగా ఆవు దానికి పుట్టిల్లు కాబట్టి ఈసుకుపోయిన ఆవు నెత్తురులో ప్రతిరక్షకాలు అంతంతమాత్రంగానే ఉండవచ్చు. ఒక్క ఆవు నెత్తురు పంపి నెగెటివ్ వచ్చిందని ఊరుకోవటం కంటే, మందలో పది పశువులవి పంపటం మేలు. మనకు దగ్గరలో బెంగళూరు యలహంకలోని నివేది సంస్థ పశువుల్లో ఈ జబ్బు మీద పని చేస్తోంది.

మా తమ్ముడి కుక్క ఇంజెక్షన్ పడిన వారానికి లేచి తిరిగింది. అయినా పిల్లలున్న ఇల్లు, డాక్టరు మూత్రం కూడా చూద్దామన్నాడు. తెల్లవారుజామున మా తమ్ముడు కర్రకు పప్పు గరిటె కట్టుకొని దాని వెనక వీధంతా తిరిగాడు. గరిటె చూస్తే అది కాలెత్తటం మానేసి తిండి పెడతారేమోనని తోక ఊపేది. మూడో రోజుకు కాసింత దొరికింది. మా మరదలు ఆ గరిటెను మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు. పీసీఆర్ నెగెటివ్. మా తమ్ముడు సంతోషంగా ఫోన్ చేస్తే డాక్టరు అటునుంచి, "మంచిది సార్. వారం ఆగి ఇంకొకసారి పట్టుకొని రాండి" అన్నాడు.