రాకెట్ లేవడంతోనే అయిపోదు: ప్రైవేటు అంతరిక్ష రంగంపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉపగ్రహాల్లో అమర్చే ఎలక్ట్రానిక్ డబ్బాలను పరీక్షించే పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. డబ్బాలను ఊపి చూసే వైబ్రేషన్ టేబుల్‌కీ, గాలి తీసేసి వేడికీ చలికీ పరీక్షించే థర్మోవాక్ ఛాంబర్‌కీ మధ్య తిరగడంతోనే నా రోజు గడిచిపోతుంది. కాలేజీల వాళ్లు, చర్చావేదికల వాళ్లు పిలిస్తే వెళ్తుంటాను. "అంతరిక్ష రంగ భవిష్యత్తు" అని బ్యానర్ కడతారు. వేదిక మీద నలుగురం కూర్చుని చంద్రుడి మీద స్థావరం దగ్గర్నుంచి అంగారకుడి దాకా మాట్లాడతాం. తీరా ప్రశ్నల వేళ వచ్చేసరికి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, పెట్టుబడి పెడదామని వచ్చినవాళ్లు కూడా తిప్పితిప్పి అవే అయిదారు సంగతులు అడుగుతారు. మైకు చేతిలో ఉన్న రెండు నిమిషాల్లో వాటికి సరైన జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

అపోహ: విక్రమ్-ఎస్ ఎగిరిందంటే ప్రైవేటు కంపెనీలు ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టేసినట్టే.

2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ లేస్తుంటే మా ల్యాబ్‌లో అందరం పని ఆపేసి చూశాం. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ చేసిన ఆ రాకెట్ దేశంలోనే తొలి ప్రైవేటు రాకెట్. ఆ రోజు కలిగిన గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అయితే అది చేరిన ఎత్తు 89.5 కిలోమీటర్లు. పైకి వెళ్లి, సుమారు అయిదు నిమిషాల్లో బంగాళాఖాతంలో పడింది. ఆ ప్రయోగం ఉద్దేశమే అది. ఇలాంటి వాటిని సబ్ఆర్బిటల్ ప్రయోగాలంటారు.

తేడా ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. గాలి నిరోధం లేదనుకుంటే, ఒక వస్తువును నిట్టనిలువునా 100 కిలోమీటర్ల ఎత్తుకు విసరడానికి సెకనుకు 1.4 కిలోమీటర్ల వేగం సరిపోతుంది. అదే వస్తువు 400 కిలోమీటర్ల ఎత్తున భూమి చుట్టూ పడిపోకుండా తిరగాలంటే సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగం, అదీ పక్కకు, ఉండాలి. వేగం అయిదున్నర రెట్లే కదా అనిపిస్తుంది. కానీ శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ముప్పై రెట్లకు పైగా శక్తి కావాలి. ఒక్క దశ రాకెట్‌తో ఆ పని అయ్యేది కాదు. అందుకే స్కైరూట్ కక్ష్య కోసం తయారు చేసిన విక్రమ్-1లో మూడు ఘన ఇంధన దశలు, వాటి పైన కక్ష్యను సరిచేసే ద్రవ ఇంధన విభాగం ఉంటాయి. విక్రమ్-ఎస్‌ను తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. తర్వాతి మెట్టు ఎంత ఎత్తుందో తెలిస్తేనే దాన్ని ఎక్కేవాళ్ల కష్టం అర్థమవుతుంది.

అంతరిక్ష యాత్రికుల విషయంలోనూ ఇదే తేడా. గుంటూరులో పుట్టిన బండ్ల శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో, విజయవాడలో పుట్టిన తోటకూర గోపి 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వాహనంలో చేసినవి సబ్ఆర్బిటల్ ప్రయాణాలు. బరువు తెలియకుండా తేలింది కొద్ది నిమిషాలే. 2025 జూన్ 25న శుభాంశు శుక్లా యాక్సియం-4లో వెళ్లింది కక్ష్యలోకి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉండి జులై 15న తిరిగొచ్చారు. మూడింటికీ పేపర్లు "అంతరిక్ష యాత్ర" అనే ఒకే మాట వాడాయి. దాంతో ఇంకో పదేళ్లలో మనమూ టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చని చాలామంది నమ్ముతున్నారు. ఆ కొద్ది నిమిషాల ప్రయాణమైతే డబ్బున్నవాళ్లకు అందవచ్చు. కక్ష్యలోకి వెళ్లడం మామూలు మనిషికి అంత త్వరగా అందుతుందని మాత్రం నేను అనుకోను.

అపోహ: ఇస్రోను ప్రైవేటుకు అప్పగించేస్తున్నారు.

ఇది అడిగేవాళ్ల గొంతులో నిజమైన బాధ ఉంటుంది, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఇస్రో పనిలో ప్రైవేటు చేతులు లేని రోజు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. హైదరాబాద్‌లో మిధాని ప్రభుత్వ సంస్థే, 1973 నుంచీ ఉంది. రాకెట్లకు కావాల్సిన ప్రత్యేక ఉక్కు, టైటానియం అక్కడ తయారవుతాయి. వికాస్ ఇంజిన్లు చేసిపెట్టే ఎంటార్ మాత్రం ప్రైవేటు కంపెనీ. బాలానగర్, చర్లపల్లి షెడ్లలో ఇస్రో డ్రాయింగ్ చూసి భాగాలు చేసి ఇచ్చినవాళ్లు ఎందరో.

అయితే అప్పట్లో డిజైన్ ఇస్రోది, అమ్మకం ఇస్రోది, నష్టం వస్తే భరించేదీ ఇస్రోనే. మేం చేసింది చెప్పింది చేసిపెట్టే జాబ్‌వర్కు. 2020 జూన్‌లో వచ్చిన సంస్కరణలతో మారింది ఇదే. ఇప్పుడు కంపెనీ తన డిజైన్ తానే చేసుకోవచ్చు, తన పేరుతో అమ్ముకోవచ్చు, మునిగితే తానే మునుగుతుంది. అనుమతులు ఇవ్వడానికి అహ్మదాబాద్ కేంద్రంగా ఇన్‌స్పేస్ ఉంది. ఇస్రో తరఫున వ్యాపారం చూడటానికి 2019లోనే ఎన్‌సిల్ ఏర్పడింది. 2024 ఫిబ్రవరిలో విదేశీ పెట్టుబడి నిబంధనలు సడలించినప్పుడు కూడా రాకెట్ల విషయంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వచ్చే వాటాను 49 శాతం దగ్గరే ఆపారు. భాగాల తయారీకి నూరు శాతం ఇచ్చారు.

ఇంకో సంగతి. 2024 మే 30న చెన్నై కంపెనీ అగ్నికుల్ తన రాకెట్‌ను సొంత ప్రయోగ వేదిక నుంచి ఎగరేసింది. ఆ వేదిక ఉన్నది కూడా శ్రీహరికోటలో, ఇస్రో ప్రయోగ కేంద్రం షార్ ప్రహరీ లోపలే. దారి తప్పిన రాకెట్‌ను గాల్లోనే ఆపేసే వ్యవస్థ దానికి ఇస్రోనే సమకూర్చింది. ఇస్రో వెళ్లిపోతే రేపటికల్లా మా పనీ ఆగిపోతుంది. చిన్న రాకెట్ల తయారీ, మామూలు ఉపగ్రహాల పని మా బోటి వాళ్లు అందుకుంటే ఇస్రో శాస్త్రవేత్తలు గగన్‌యాన్, చంద్రుడి నుంచి మట్టి తేవడం లాంటి వాటి మీద కూర్చోగలరు. నాకు నచ్చే పంపకం ఇది.

అపోహ: స్పేస్‌ఎక్స్ ప్రభుత్వ సాయం లేకుండా సొంత డబ్బుతోనే ఎదిగింది.

లేదు. ఆ అమెరికా కంపెనీ తొలి రాకెట్ ఫాల్కన్-1 మూడుసార్లు విఫలమై 2008 సెప్టెంబరు 28న నాలుగోసారి కక్ష్య చేరింది. అదే ఏడాది డిసెంబరు 23న అంతరిక్ష కేంద్రానికి 12 సరకు రవాణా యాత్రల కోసం నాసా ఆ కంపెనీకి 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అంతకు రెండేళ్ల ముందే అభివృద్ధి కోసం నిధులు ఇవ్వడం మొదలుపెట్టింది. అది దానం కాదు, ముందుగా ఇచ్చిన ఆర్డర్. మన స్టార్టప్‌లకూ గ్రాంట్ల కంటే ఆర్డర్లే ముఖ్యమని ప్రతి వేదిక మీదా చెబుతున్నాను. 2024 అక్టోబరులో కేంద్రం వెయ్యి కోట్ల రూపాయల నిధి ఆమోదించింది, సంతోషం. అదే నెలలో ఆమోదం పొందిన 52 నిఘా ఉపగ్రహాల్లో 31 ప్రైవేటు కంపెనీలు చేస్తాయన్న వార్తకు నేను ఇంకా ఎక్కువ సంతోషపడ్డాను. ఆర్డర్ చేతిలో ఉంటే బ్యాంకు మేనేజరు మాట్లాడే తీరే వేరు.

అపోహ: మన ప్రయోగాలు అన్నింటికన్నా చౌక, కాబట్టి ప్రపంచం మన దగ్గరికే వస్తుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ అపోహే, ఎందుకంటే దీన్ని నమ్మి వ్యాపార ప్రణాళికలు రాసుకున్నవాళ్లు ఉన్నారు.

చంద్రయాన్-3కు అయిన ఖర్చు దాదాపు 615 కోట్ల రూపాయలు. నిజంగా గొప్ప పొదుపు. దానికి కారణాలు ఉన్నాయి. రాకెట్ శక్తి పరిమితం కాబట్టి 2023 జులై 14న బయల్దేరి, భూమి చుట్టూ కక్ష్యను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, ఆగస్టు 23న దిగింది. అపోలో-11 నాలుగు రోజుల్లో చేసిన ప్రయాణం మనకు నలభై రోజులు పట్టింది. జీతాలూ తక్కువ. ఒక శాస్త్ర ప్రయోగాన్ని చౌకగా చేయడం ఒక నైపుణ్యం. వేరేవాళ్ల ఉపగ్రహాన్ని కిలోకు ఇంత అని తక్కువ రేటుకు, చెప్పిన తేదీకి కక్ష్యలో దింపడం పూర్తిగా వేరే నైపుణ్యం.

2017 ఫిబ్రవరి 15న పీఎస్ఎల్‌వీ-సీ37 ఒకేసారి 104 ఉపగ్రహాలు మోసుకెళ్లి రికార్డు కొట్టింది. 2021 జనవరి 24న స్పేస్‌ఎక్స్ ట్రాన్స్‌పోర్టర్-1 ఒకేసారి 143 పంపి ఆ రికార్డు దాటింది. ఇలాంటి ప్రయాణాలకు ఆ కంపెనీ 2019లో ప్రకటించిన రేటు 200 కిలోలకు 10 లక్షల డాలర్లు. తర్వాత పెరిగిందనుకోండి, అయినా చిన్న రాకెట్ ఏదీ కిలో రేటులో దానికి దగ్గరగా రాలేదు. ఫాల్కన్-9 కింది భాగం తిరిగొచ్చి దిగుతుంది, ఒక్కొక్కటి ముప్పైసార్లకు పైగా ఎగిరినవీ ఉన్నాయి. (మొత్తం రాకెట్ తిరిగొస్తుందని అనుకునేవాళ్లూ ఉన్నారు. పై దశ ప్రతిసారీ పోతుంది.) కింది భాగంలో తొమ్మిది ఇంజిన్లుంటే పైదాంట్లో ఒక్కటే. ఖరీదైన సగం మిగులుతోందన్నమాట. కానీ ఆ మిగులు చేతికి రావాలంటే ఏడాదికి పదుల సంఖ్యలో ప్రయోగాలుండాలి. ఏడాదికి అయిదారే ఎగిరేచోట తిరిగి వాడే రాకెట్ కోసం ఖర్చు పెట్టడం తెలివైన పనని నాకు అనిపించదు.

మరి చిన్న రాకెట్లు ఏం అమ్ముకోవాలి? ట్రాన్స్‌పోర్టర్ ఆర్టీసీ బస్సు లాంటిది. టికెట్ తక్కువ, కానీ దాని టైముకే వెళ్తుంది, దాని స్టాపులోనే దింపుతుంది. చిన్న రాకెట్ ఆటో లాంటిది. మీరు అడిగిన కక్ష్యకు, మీరు అడిగిన వారంలో తీసుకెళ్లాలి. ఆటో బస్సుతో రేటులో పోటీ పడితే డీజిలు డబ్బులు కూడా రావు. ఉక్రెయిన్ యుద్ధం మొదలై రష్యా రాకెట్లు అందకుండా పోయినప్పుడు ఉపగ్రహాలతో ఇంటర్నెట్ ఇచ్చే వన్‌వెబ్ కంపెనీ కొంత స్పేస్‌ఎక్స్ దగ్గరికి, కొంత మన దగ్గరికి వచ్చింది. 2022 అక్టోబరులో, 2023 మార్చిలో మన ఎల్‌వీఎం-3 ముప్పై ఆరు చొప్పున 72 ఉపగ్రహాలను పంపింది. వాళ్లకు ఆ వేళ కావాల్సింది సిద్ధంగా ఉన్న రాకెట్.

అపోహ: అంతరిక్షం అనంతం, అక్కడ చెత్త ఒక సమస్యా?

2023 జులైలో చంద్రయాన్-3 ప్రయోగాన్ని 4 సెకన్లు ఆలస్యం చేశారు. అదే నెల 30న పీఎస్ఎల్‌వీ-సీ56ను ఒక నిమిషం ఆలస్యం చేశారు. రెండుసార్లూ కారణం ఒకటే, దారిలో వేరే వస్తువులు అడ్డొచ్చే ప్రమాదం. ఒక్క సెంటీమీటరు దాటిన ముక్కలు 10 లక్షలకు పైగా తిరుగుతున్నాయని ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా. భారతీయ ప్రయోగాలేవీ 2030 నాటికి చెత్త మిగల్చకూడదని ఇస్రో లక్ష్యం పెట్టింది, ప్రైవేటు వాళ్లకూ ఇది వర్తిస్తుంది. పని ముగిశాక ఉపగ్రహాన్ని కిందికి దింపే ఇంధనం బరువును మొదటి రోజే లెక్కలో వేసుకోండి.

అపోహ: ఒక్కసారి ఫెయిలైతే ఆ రాకెట్ పని అయిపోయినట్టే.

2022 ఆగస్టు 7, ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన అదురు సుమారు రెండు సెకన్లపాటు త్వరణాన్ని కొలిచే సెన్సర్లను ముంచేసింది. సెన్సర్లు నిజానికి బాగానే ఉన్నాయి. కానీ అవి చెడిపోయాయని కంప్యూటర్ నిర్ధారించుకుని అత్యవసర పద్ధతిలోకి మారిపోయింది. మూడు దశలూ సక్రమంగానే మండాయి. చివరికి కావాల్సిన వేగానికి సెకనుకు వంద మీటర్ల లోపే తగ్గింది. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకు బదులు ఒక కొస 76 కిలోమీటర్లకు దిగిన కక్ష్య వచ్చింది. ఆ ఎత్తులో గాలి ఉంటుంది, ఉపగ్రహాలు నిలవలేదు. వాటిలో ప్రభుత్వ బడుల ఆడపిల్లలు కలిసి చేసిన ఆజాదీశాట్ కూడా ఉంది. ఇస్రో కారణం దాచలేదు, విడిపోయే యంత్రాంగాన్ని మార్చింది, సాఫ్ట్‌వేర్ తర్కాన్ని సరిచేసింది. 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్ఎస్ఎల్‌వీ ఆజాదీశాట్-2ను మోసుకెళ్లి సరిగ్గా కక్ష్యలో దింపింది.

రెండు సెకన్ల అదురు! మా వైబ్రేషన్ టేబుల్ ఉన్నదే ఆ రెండు సెకన్ల కోసం.

అపోహ: ఈ రంగం ఐఐటీ వాళ్లది, మిగతావాళ్లకు చోటు లేదు.

ఒక స్టార్టప్ డబ్బా మా దగ్గరికి పరీక్షకు వచ్చింది. పద్ధతి ఏమిటంటే, ముందు చిన్న అదురుతో ఒకసారి ఊపి, డబ్బా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా కంపిస్తుందో గ్రాఫ్ తీస్తాం. తర్వాత రాకెట్‌లో ఉండేంత గట్టిగా ఊపుతాం. ఆఖర్న మళ్లీ చిన్న అదురుతో గ్రాఫ్ తీసి, మొదటిదాని మీద పెట్టి చూస్తాం. లోపల ఏదీ కదలకపోతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. ఆ రోజు 210 హెర్ట్జ్ దగ్గరున్న శిఖరం 194కు జారింది. అయిదు శాతం దాటితే మేం ఒప్పుకోం. ఇది ఏడు శాతం పైనే. డబ్బా పనిచేస్తోంది, అన్ని వోల్టేజీలూ సరిగ్గానే ఉన్నాయి. "సర్, పనిచేస్తోంది కదా, ఎల్లుండి పంపించాలి" అని వాళ్ల ఇంజినీరు దాదాపు బతిమాలాడు.

ఐటీఐ ఫిట్టరు చదివి, ఇరవై ఏళ్లు చర్లపల్లి షెడ్లలో పనిచేసి మా దగ్గరికి వచ్చిన అన్న ఒకాయన ఉన్నాడు. మూత తీసి, బోర్డు నాలుగు మూలలా బొటనవేలితో మెల్లగా నొక్కాడు. మూడో మూల దగ్గర ఆగి టార్చి వేయమన్నాడు. స్క్రూ బిగించాక దాని తల మీద నుంచి పక్క లోహం మీదికి ఒక ఎర్ర గీత గీస్తాం, తిరిగితే తెలియడానికి. ఆ గీత రెండు ముక్కలై ఉంది. ఆ ఒక్క స్క్రూకు జిగురు వేయడం మర్చిపోయారు. సరిచేసి మళ్లీ మొత్తం పరీక్ష చేసేసరికి తెల్లవారుజామున మూడైంది. గీతలు రెండూ కలిశాయి.

సిములేషన్ నడిపేవాళ్లు మాకు కావాలి. ఆ మూల దగ్గర ఆగే బొటనవేలూ అంతే కావాలి. వెల్డర్లు, సీఎన్‌సీ ఆపరేటర్లు, మైక్రోస్కోపు కింద సోల్డరింగ్ చేసేవాళ్లు, ఎక్స్‌రే ఫిల్ములో పగులు పట్టేవాళ్లు మాకు ఎంత వెతికినా దొరకడం లేదు. బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే ప్రభుత్వ సంస్థ సీఐటీడీలో ఇలాంటి పనులకు పునాది వేసే కోర్సులున్నాయి. మొన్న డిప్లొమా చదివే అమ్మాయి ఒకామె "ఇంగ్లీషు అంతగా రాదు సార్, నన్ను తీసుకుంటారా" అని అడిగింది. డ్రాయింగ్ చదవడం వచ్చా, మైక్రోమీటరు వాడావా అని అడిగాను. రెండూ వచ్చన్నది. ఇంటర్వ్యూకు వచ్చేటప్పుడు నీ చేత్తో చేసిన వస్తువు ఒకటి, దాని డ్రాయింగ్ ఒకటి తీసుకురామ్మా అన్నాను. మీకూ అదే చెబుతున్నాను. సర్టిఫికెట్ల ఫైలు తెరవక ముందు నేను దాన్నే కొలిచి చూస్తాను.