వీడియో పెడితే బ్రైట్‌నెస్ పడిపోతోందా? కాంబో ధర అడిగే ముందు హోమ్ బటన్ నొక్కండి

ఎండాకాలం వచ్చిందంటే చాలు, బెజవాడ బీసెంట్ రోడ్డు నుంచి గుంటూరు అరండల్‌పేట దాకా సెల్లు రిపేరు కౌంటర్ల దగ్గర ఒకటే మాట. "వీడియో పెడితే బ్రైట్‌నెస్ దానంతటదే తగ్గిపోతోందండీ, మళ్లీ అదే పెరుగుతోంది. డిస్‌ప్లే పోయినట్టుంది, కాంబో ఎంతవుద్ది?" కాంబో అంటే టచ్ గ్లాసూ డిస్‌ప్లే కలిపి ఒకే ముక్కగా మార్చేది. జబ్బేమిటో తేల్చేసుకునే వస్తారు, ఇక ధర ఒక్కటే తెలియాలి. పాపం, వాళ్ల కంగారు అబద్ధం కాదు. ఈఎంఐ ఇంకా తీరని ఫోను కళ్లముందే మసకబారుతుంటే ఎవరికైనా గుండె జారుతుంది. కోపమల్లా, చూడకుండానే "డిస్‌ప్లే పోయింది" అని చెప్పేసే పక్కింటి నిపుణుల మీదే.

అపోహ: డిస్‌ప్లే చెడిపోతోంది, మార్చాల్సిందే.

వాస్తవం: చెడిపోయే డిస్‌ప్లేకి మీరు సినిమా చూస్తున్నారో, కరెంటు బిల్లు కడుతున్నారో తెలియదు. ప్యానెల్‌లోనో, దాన్ని బోర్డుకి కలిపే పట్టీ తీగ ఫ్లెక్స్‌లోనో లోపముంటే వాట్సాప్‌లోనూ కనిపిస్తుంది, ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు కంపెనీ లోగో మీదా కనిపిస్తుంది. గీతలు పడతాయి, ఆకుపచ్చ ఛాయ వస్తుంది, అంచు దగ్గర మెల్లగా నొక్కితే వెలుతురు మారుతుంది. ఇవేవీ లేకుండా వీడియోలో మాత్రమే తగ్గుతూ పెరుగుతూ ఉంటే అనుమానించాల్సింది గ్లాసు కింద ఉన్న ప్యానెల్‌ని కాదు.

పరీక్ష రెండు నిమిషాల పని. బ్రైట్‌నెస్ స్లయిడర్‌ని సగం దగ్గర పెట్టి వీడియో మొదలెట్టండి. తెర మసకబారగానే హోమ్‌కి వెళ్లండి. వెళ్లగానే వెలుతురు మామూలైపోతే కారణం ఆ యాప్‌లోనో, ఆ వీడియోలోనో ఉంది. హోమ్ స్క్రీన్ కూడా మసకగానే ఉంటే నోటిఫికేషన్ షేడ్ కిందికి లాగి స్లయిడర్ చూడండి. మీరు పెట్టిన చోటు నుంచి జరిగి ఉంటే అది లైట్ సెన్సర్ చేసిన పని. జరగకుండా తెర మాత్రం తగ్గితే వేడి, లేదా బ్యాటరీ సేవర్. ఈ మూడు దారుల్లో దేనికీ స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

మొదట సెన్సర్ సంగతి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే దొరికిపోతారు. లైట్ సెన్సర్ ఉండేది ఫోన్ పైభాగంలో, ఇయర్‌పీస్ పక్కన. చాలా అమోలెడ్ (తెరలోని ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) ఫోన్లలో తెర కిందే పై అంచున ఉంటుంది. నిలువుగా పట్టుకున్నప్పుడు అక్కడికి వేలు వెళ్లదు. వీడియో కోసం అడ్డంగా తిప్పగానే ఆ పైభాగం కాస్తా చేతిలోకి వస్తుంది, బొటనవేలు సరిగ్గా దాని మీద వాలుతుంది. సెన్సర్‌కి చీకటి పడినట్టే, వెలుతురు తగ్గిస్తుంది. పైగా వేలు పెట్టగానే తగ్గదు. ఆండ్రాయిడ్ మూల కోడ్‌లో డిఫాల్ట్ ప్రకారం వెలుతురు పెంచడానికి 4 సెకన్లు, తగ్గించడానికి 8 సెకన్లు ఆగుతుంది. కంపెనీలు ఈ లెక్క మార్చుకుంటాయి. వేలు పెట్టిన చాలాసేపటికి తెర మసకబారుతుంది కాబట్టి ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

రైల్లోనూ ఇదే తంతు. పొద్దున్నే పినాకినిలో కిటికీ పక్కన కూర్చుని వీడియో పెడితే, కృష్ణ వంతెన మీద గడ్డర్ల నీడలు, ఆ తరువాత చెట్ల నీడలు, మధ్యమధ్య ఎండ. సెన్సర్ వాటి వెంట పరిగెడుతుంది. అది చెడిపోయి కాదు, పనిచేస్తోంది కాబట్టే.

దీనికి మందు: వీడియో చూసినంతసేపూ ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి. ఆపడం ఇష్టం లేకపోతే ఫోన్‌ని ఇటునుంచి అటు తిప్పి, పైభాగం ఖాళీ చెయ్యి వైపు వచ్చేలా పట్టుకోండి. ఒక జాగ్రత్త. ఆండ్రాయిడ్ 9 నుంచి, అంటే 2018 నుంచి, అడాప్టివ్ బ్రైట్‌నెస్ మీరు స్లయిడర్ జరిపిన ప్రతిసారీ నేర్చుకుంటుంది. సెన్సర్ మీద వేలుంచి, మసకగా ఉందని స్లయిడర్ పైకి లాగారనుకోండి, చీకట్లో మీకు అంత వెలుగు కావాలని అది రాసుకుంటుంది. రాత్రి పడుకునే ముందు ఫోన్ తీస్తే కళ్లల్లో టార్చి కొట్టినట్టుంటుంది. గూగుల్ పిక్సెల్‌లో ఈ తప్పుడు పాఠం చెరిపెయ్యాలంటే సెట్టింగ్స్, యాప్స్, డివైస్ హెల్త్ సర్వీసెస్, స్టోరేజ్, మేనేజ్ స్పేస్ వరుసగా వెళితే రీసెట్ అడాప్టివ్ బ్రైట్‌నెస్ ఉంటుంది.

టెంపర్డ్ గ్లాస్‌నీ చూడండి. పక్కవాళ్లకు కనిపించకుండా వేసే నల్ల ప్రైవసీ గ్లాసు సెన్సర్‌కి చేరే వెలుతురునీ మింగేస్తుంది. పట్టపగలు కూడా ఫోన్‌కి సాయంత్రమే.

హోమ్‌కి వెళ్లగానే సర్దుకునే రకం ఇంకోటి. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ తన విండో వరకు బ్రైట్‌నెస్ సొంతంగా పెట్టుకునే హక్కుంది. 0 నుంచి 1 మధ్య ఒక విలువ ఇస్తే ఆ యాప్ తెరమీద ఉన్నంతసేపూ అదే నడుస్తుంది, బయటికి వస్తే మీ పాత వెలుతురు తిరిగొస్తుంది. నెట్‌ఫ్లిక్స్ ప్లేయర్‌లో ఎడమవైపు కనిపించే సూర్యుడి గుర్తు పట్టీ అలాంటిదే. వీఎల్‌సీ, ఎంఎక్స్ ప్లేయర్‌లలో ఎడమ సగంలో వేలు పైకీ కిందికీ జరిపితే బ్రైట్‌నెస్ మారుతుంది. చెయ్యి సర్దుకునేటప్పుడు తగిలినా మారుతుంది. ప్లేయర్ సెట్టింగ్స్‌లో బ్రైట్‌నెస్ జెశ్చర్ ఆపేస్తే ఆ గొడవ వదులుతుంది.

హెచ్‌డీఆర్ వీడియో అయితే తలకిందుల సమస్య: తెర ఒక్కసారిగా భగ్గుమంటుంది. మామూలు వీడియో కంటే ప్రకాశవంతమైన భాగాలను చూపించడానికి ఫోనే ప్యానెల్‌ని పైకి తోస్తుంది, వీడియో అయ్యాక తగ్గిస్తుంది. ఐఫోన్‌లో తీసిన పెళ్లి వీడియోలు గ్యాలరీలో తెరిచినప్పుడు ఇదే జరుగుతుంది; సెట్టింగ్స్‌లో ఫోటోస్ కింద వ్యూ ఫుల్ హెచ్‌డీఆర్ ఆపండి. శాంసంగ్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ కింద వీడియో బ్రైట్‌నెస్ ఉంటుంది, దాన్ని బ్రైట్ నుంచి నార్మల్‌కి మార్చండి. ఒప్పో, వన్‌ప్లస్ మోడళ్లు కొన్నింటిలో బ్రైట్ హెచ్‌డీఆర్ వీడియో మోడ్ అని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది.

సీను మారినప్పుడల్లా కొద్దికొద్దిగా మారేది మాత్రం పూర్తిగా ఆపలేం. ఎల్‌సీడీ ఫోన్లలో చీకటి సీను రాగానే బ్యాక్‌లైట్, అంటే తెర వెనక దీపం, తగ్గించి కరెంటు మిగుల్చుకునే ఏర్పాటు ఉంటుంది. అమోలెడ్‌లో తెరంతా తెల్లగా ఉంటే, ఆన్‌లైన్ క్లాసు వైట్‌బోర్డులా, ప్యానెల్ లాగే కరెంటుకి కళ్లెం వేయడానికి మొత్తం వెలుతురు తగ్గుతుంది. అది తయారీలోనే అంత. కొత్త కాంబో వేసినా అంతే.

ఇక అసలు నష్టం ఎక్కడంటే, బాగున్న ఒరిజినల్ అమోలెడ్ తీసేసి వేల రూపాయలు పోసి ఇన్‌సెల్ అనే ఎల్‌సీడీ కాపీ వేయించుకునేవాళ్లున్నారు. తెర కింద సెన్సర్ బయటి వెలుతురుని కొలవాలంటే ముందు ప్యానెల్ సొంత వెలుతురుని లెక్కలోంచి తీసెయ్యాలి. ఆ లెక్క ఒరిజినల్ ప్యానెల్‌కి కట్టింది. ప్యానెల్ మారితే లెక్క తప్పుతుంది, అప్పటిదాకా లేని ఊగిసలాట అప్పుడు నిజంగానే మొదలవుతుంది. లేని జబ్బుకి ఆపరేషన్ చేయించుకుని ఉన్న ఆరోగ్యం పోగొట్టుకోవడమంటే ఇదే.

అపోహ: ఆటో బ్రైట్‌నెస్ ఆపేశాను, ఇంకా మారుతోందంటే హార్డ్‌వేరే.

కాదు. షావోమీలో సన్‌లైట్ మోడ్ ఉంది చూశారూ, అది పనిచేసేదే ఆటో ఆపినప్పుడు: ఎండలోకి వెళ్లగానే వెలుతురు పెంచుతుంది. ఐఫోన్‌లో ఆటో బ్రైట్‌నెస్ డిస్‌ప్లే మెనూలో కనపడదు. యాక్సెసిబిలిటీలో డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ తెరిచి అట్టడుగుకి వెళ్లాలి. ట్రూ టోన్ ఆపి ఆటో ఆపేశామనుకుంటారు చాలామంది. అది రంగు సంగతి. ఇవన్నీ ఆపినా వేడి మాత్రం ఎవరి మాటా వినదు. ఐఫోన్ వాడటానికి యాపిల్ చెప్పిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో బెజవాడలో 35 అంటే ఏసీ గది. ఎండలో, ఛార్జర్ పెట్టి, రబ్బరు పౌచ్‌లో ఉంచి, ఫుల్ బ్రైట్‌నెస్‌తో మ్యాచ్ చూస్తే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి తెర తగ్గిస్తుంది. ఛార్జర్ తీసి, పౌచ్ తీసి, ఫ్యాను కింద పావుగంట ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల చెమ్మ పడితే అప్పుడు నిజంగానే బోర్డు దాకా వెళుతుంది వ్యవహారం.

అపోహ: వైరస్. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పోతుంది.

పోదు. పోయేది మీ వాట్సాప్ చాట్లు, బ్యాకప్ లేని ఫోటోలు. సెన్సర్ మీది వేలు అక్కడే ఉంటుంది. "బ్రైట్‌నెస్ ఫిక్సర్" పేరుతో యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగే యాప్‌లు ఎక్కించడం ఇంకా దండగ. ఆ పర్మిషన్‌తో తెరమీద మీరు చూసేదంతా అవీ చూడగలవు, ఫోన్‌పే తెరిచినప్పుడు కూడా.

అపోహ: యూట్యూబ్‌లో వీడియో చుట్టూ రంగులు మారుతున్నాయి, ప్యానెల్ లీకవుతోంది.

అది ఆంబియంట్ మోడ్. డార్క్ థీమ్‌లో మాత్రమే వస్తుంది. ప్లేయర్ గేరు గుర్తులో అడిషనల్ సెట్టింగ్స్ కింద ఆపుకోవచ్చు.

కింద పడిన తరువాతో, తడిసిన తరువాతో మొదలై, లోగో మీద కూడా మిణుకుమంటుంటే అప్పుడు షాపుకి వెళ్లండి. అక్కడ కూడా ముందు ఫ్లెక్స్ కనెక్టర్ తీసి మళ్లీ బిగించి చూడమనండి. మార్చాల్సిందే అంటే వేసేది అమోలెడా, ఇన్‌సెల్లా అడిగి బిల్లు మీద రాయించుకోండి. మార్చాక డబ్బులిచ్చే ముందు సెన్సర్ చూడండి: శాంసంగ్ అయితే డయలర్‌లో *#0*# కొట్టి సెన్సర్ తెరవండి, షావోమీ అయితే *#*#6484#*#*. పైభాగాన్ని అరచేత్తో మూస్తే లక్స్ (వెలుతురు కొలత) అంకె సున్నా వైపు పడాలి, పక్కవాళ్ల ఫోన్ టార్చి చూపిస్తే వేలల్లోకి ఎగరాలి. అంకె కదలకపోతే ఫోన్ కౌంటర్ మీదే ఉంచండి, డబ్బులు జేబులో.