గోడ మీద మచ్చ ఎప్పుడు పెరుగుతోంది?

ఇంట్లో చెమ్మ కనబడగానే మేస్త్రిని పిలుస్తాం. ఆయన మచ్చ ఉన్నచోట చెక్కి, సిమెంటు రాసి వెళ్తాడు. మళ్లీ వానాకాలం వచ్చేసరికి మచ్చ రెండడుగుల పక్కన తేలుతుంది. పూర్తిగా మేస్త్రి తప్పు అనలేం. నీరు కనబడే చోటు వేరు, అది లోపలికి దిగిన చోటు వేరు. శ్లాబులో పగులు ఒక మూల ఉంటే, నీరు కరెంటు గొట్టం వెంబడి పాకి గది మధ్యలో ఫ్యాను హుక్కు దగ్గర బొట్టు కడుతుంది. ఎక్కడ తడిసిందో చూసి కారణం చెప్పడం కష్టం. ఎప్పుడు తడుస్తోందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

వానతో పని లేకుండా, నడివేసవిలో కూడా తడి ఆరకపోతే పైపును అనుమానించాలి. ఇంట్లో అందరి స్నానాలూ అయ్యాక ముదిరి, రాత్రికి కాస్త తగ్గితే బాత్రూం నేలను చూడాలి: టైల్సు సందులు, నహానీ ట్రాపు (స్నానం నీళ్లు బయటికి పోయే జాలీ) చుట్టూ ఉన్న అతుకు. వాన పడ్డాకే వస్తే కప్పో, కిటికీయో. నేల నుంచి మూడడుగుల లోపే ఉండి, పై అంచున తెల్లగా ఉప్పు పూస్తే అది భూమిలోంచి ఎక్కే చెమ్మ. మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ వేసుకోండి. ఒక నెల పోయాక ఆ గీతలు మేస్త్రికి చూపిస్తే, ఎక్కడ చెక్కాలో ఆయనకూ స్పష్టంగా ఉంటుంది.

పైపు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడ లెక్క సులువు. పదిహేడో శతాబ్దపు ఇటలీ శాస్త్రవేత్త టొరిచెల్లి చెప్పిన సూత్రం ప్రకారం, రంధ్రంలోంచి నీరు దూకే వేగం పైనున్న నీటి ఎత్తును బట్టి ఉంటుంది. ట్యాంకు అయిదు మీటర్ల ఎత్తున ఉంటే వేగం సెకనుకు దాదాపు 10 మీటర్లు. ఆ పైపులో ఒక మిల్లీమీటరు వెడల్పున్న రంధ్రం ఉంటే రోజుకు సుమారు 400 లీటర్లు పోతాయి. మన దేశంలో మురుగు పైపులున్న పట్టణాలకు నీటి సరఫరా లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. అంటే ముగ్గురి నీళ్లు గోడలోకి పోతున్నాయన్నమాట. రంధ్రం వెడల్పు రెట్టింపైతే పోయే నీరు నాలుగు రెట్లవుతుంది. అందుకే చిన్న లీకును వచ్చే నెలకు వాయిదా వేయడం మంచి బేరం కాదు.

ఇలాంటి లీకు ఉందో లేదో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. ట్యాంకు అడుగు వైశాల్యం ఒక చదరపు మీటరైతే, ఒక సెంటీమీటరు దిగిందంటే 10 లీటర్లు పోయినట్టు. గోడలు పొడిగా ఉండి కూడా మట్టం దిగుతుంటే ఫ్లష్ ట్యాంకును చూడండి. లడ్డూలో వేసే రంగు చిటికెడు అందులో కలిపి, అరగంట ఎవరూ వాడకుండా ఆపండి. రంగు కమోడ్‌లోకి దిగితే లోపలి రబ్బరు వాల్వు పాడైనట్టే. చప్పుడు లేకుండా జరిగే ఈ నష్టాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టని ఇళ్లు చాలా ఉంటాయి.

డాబా మీద ఎండలో పరిచిన పీవీసీ పైపుది ఇంకో కథ. ఆరు మీటర్ల పైపు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక సెంటీమీటరు సాగుతుంది, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. రెండు చివర్లా సిమెంటుతో బిగించేస్తే ఆ సాగుడంతా అతుకుల మీద పడుతుంది. క్లాంపుల దగ్గర కొంచెం వదులు ఉంచి, తెల్ల రంగు వేస్తే వేడీ తగ్గుతుంది, అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసెక్కడమూ తగ్గుతుంది.

ఇక అసలు తలనొప్పి పాత ఇళ్లది. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి పాత వీధుల్లో, గంజాం పల్లెల్లో ఇళ్లు వరసగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఒకప్పుడు స్నానం పెరట్లోనే కాబట్టి గొడవ లేదు. బాత్రూములు ఇంట్లోకి వచ్చాక పైపులు ఆ ఉమ్మడి గోడ వెంబడే వెళ్లాయి. దాంతో ఒకరి బాత్రూం చెమ్మ ఇంకొకరి పడకగదిలో తేలుతుంది. గొడవ పడేముందు, "వదినా, ఒక్క వారం పెరటి బాత్రూం వాడుకోండి" అని అడిగి, పెన్సిలు గీత కదిలిందో లేదో చూస్తే సగం తగువు అక్కడే తీరుతుంది.

ఈ గోడలు చాలావరకు మట్టితోనో సున్నంతోనో కట్టినవి. వాటిలోని సన్నని రంధ్రాల గుండా నీరు, వత్తి నూనెను పీల్చినట్టు, పైకి ఎక్కుతుంది. వెడల్పు 0.1 మిల్లీమీటరు ఉన్న గొట్టంలో నీరు 30 సెంటీమీటర్లు ఎక్కగలదు, అందులో పదో వంతు గొట్టంలో మూడు మీటర్లు. నిజానికి గోడ అంత ఎత్తు తడవదు. ఎక్కిన నీరు ఎక్కినట్టే పైపొరలోంచి ఆవిరవుతుంది, ఎక్కేదీ ఆరేదీ సమానమైన చోట తడి ఆగుతుంది. ఈ సంగతి తెలియకే పెద్ద పొరపాటు జరుగుతుంది. చెమ్మ కనబడింది కదా అని గోడకు మూడడుగుల ఎత్తున గట్టి సిమెంటు పూతో టైల్సో వేయిస్తారు. ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది. నీరు టైల్సు దాటి ఇంకా పైకెళ్లి, అక్కడ సున్నం పెచ్చులు ఊడగొడుతుంది. నా మాట అడిగితే, పాత గోడకు సున్నపు పూతే మందు. చూడ్డానికి అంత నునుపు రాకపోవచ్చు, గోడ మాత్రం ఆరుతుంది.

గోడ మీద తేలే తెల్ల పొడి, నీటితో వచ్చి నీరు ఆవిరయ్యాక మిగిలిన లవణం. రంధ్రాల్లో స్ఫటికాలు పెరుగుతూ పూతను లోపలి నుంచి తోస్తాయి. పైగా వాటిలో కొన్ని గాలిలోని తేమను పీలుస్తాయి. అందుకే లీకు బాగుచేశాక కూడా ముసురు రోజుల్లో గోడ చల్లగా తగులుతుంది. పొడి చీపురుతో దులిపి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

కొత్త శ్లాబు ఇళ్లకు ఉప్పు ఇంకో రకంగా శత్రువు. కాంక్రీటు బాగా క్షారగుణం ఉన్నది, పీహెచ్ 12 పైమాటే. ఆ క్షారంలో ఇనుప చువ్వ మీద పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. గోపాలపూర్ లాంటి తీరంలో గాలితో వచ్చే ఉప్పులోని క్లోరైడు, పగుళ్లలో దిగే నీటితో కలిసి చువ్వ దాకా చేరి ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. దాంతో కాంక్రీటు పగులుతుంది, పగులులోంచి ఇంకా నీరు దిగుతుంది. సీలింగు పెచ్చులు రాలి చువ్వలు కనబడుతుంటే ప్లాస్టరింగు చేయించి ఊరుకోవద్దు, ఇంజినీరుకు చూపించాలి. కొత్తగా కట్టేవాళ్లు బోరు నీటిని పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది.

ఈ తీరంలో వాన ఎప్పుడూ నిట్టనిలువుగా పడుతుందన్న నమ్మకం లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటి గాలిలో వాన అడ్డంగా కొడుతుంది. కప్పు ఎంత గట్టిగా ఉన్నా పిట్టగోడ పగుళ్లు, కిటికీ చట్రం అంచులు బయటపడిపోతాయి. సన్‌షేడ్ అడుగున, ముందు అంచుకు దగ్గరగా చిన్న గాడి ఉందేమో చూడండి. నీరు సిమెంటును అంటుకుని అడుగువైపు వెనక్కి పాకుతుంది. గాడి దగ్గర ఆ పట్టు తెగి బొట్టుగా రాలిపోతుంది. గాడి లేకపోతే నేరుగా కిటికీ పైగోడలోకి వెళ్తుంది. ఇల్లు కట్టేటప్పుడు దీనికి దాదాపు ఖర్చు ఉండదు, అయినా చాలా చోట్ల మర్చిపోతారు.

చెమ్మ స్విచ్‌బోర్డు దాకా వస్తే ఇక ఆగే పని లేదు. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఇంట్లో లేకపోతే ఆ రోజే పెట్టించాలి. తడి గుమ్మాలకు చెదలు పట్టడం గురించి ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

లీకు ఆగాక తొందరపడేది రంగు విషయంలో. తడి గోడ మందంలో ప్రతి అంగుళానికీ ఆరడానికి సుమారు ఒక నెల అని ఒక మోటు లెక్క. తొమ్మిదంగుళాల గోడ రెండు వైపులా ఆరినా నాలుగైదు నెలలు, సముద్రపు తేమకు ఇంకా ఎక్కువ. అక్టోబరు తుఫానుకు తడిసిన గోడకు సంక్రాంతికి ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఉగాదికల్లా బుడగలు వస్తాయి. పండక్కి ఒక చెయ్యి సున్నం కొట్టించండి, దానిలోంచి గోడ ఆరుతూనే ఉంటుంది. ఏప్రిల్‌లో గోడకు పాలిథిన్ కాగితం ముక్క నాలుగు పక్కలా అతికించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు తడి పట్టకపోతే అప్పుడు రంగు కొనుక్కోవచ్చు.