వంటిల్లు వారంలో అయిపోదండీ: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి నెలగంట పెట్టారంటే చాలు, నాకు ఒకటే రకం ఫోన్లు. "పండక్కి అమ్మాయీ అల్లుడూ వస్తున్నారండి, ఈలోపు వంటిల్లు మార్చేద్దాం అనుకుంటున్నాం. వారం చాలంటగా?" వెనకాలే వాట్సాప్‌లో ఒక వీడియో వస్తుంది. పాత వంటగది కనిపిస్తుంది, చిటికె వేయగానే కొత్తది ప్రత్యక్షం. కింద పెద్దక్షరాల్లో ‘7 రోజుల్లో’ అని ఉంటుంది. నెలపట్టులో చిన్న శుభకార్యం కూడా పెట్టుకోని వాళ్లు వంటిల్లు పగలగొట్టడానికి మాత్రం సిద్ధమైపోతారు.

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఆ వీడియోలో అబద్ధం లేదు. ఆ 7 రోజులూ ఫ్యాక్టరీ నుంచి పెట్టెలు, అంటే వంటింటి చెక్క అల్మారాలు వచ్చాక బిగించడానికి పట్టే రోజులు. అంతకు ముందు జరిగే పగలగొట్టుడు, పైపులు, వైరింగ్, తాపీ పని, టైల్స్, గ్రానైట్, కొలతలు, ఫ్యాక్టరీలో కోత ఆ లెక్కలో లేవు.

నా లెక్క చెప్తాను. పాత గట్టు, టైల్స్ తీసేయడానికి 3 రోజులు. గోడకి గాడి కొట్టి పైపులు, వైర్లు వేయడానికి 5 రోజులు. ప్లాస్టరింగ్ 2 లేక 3 రోజులు, దానిమీద వారం క్యూరింగ్. గట్టు, గ్రానైట్, టైల్స్‌కి 8 నుంచి 10 రోజులు. అప్పుడు గానీ ఫైనల్ కొలతలు తీయం. ఫ్యాక్టరీకి 3, 4 వారాలు. బిగించడానికి 4, 5 రోజులు. చివరి కుళాయి, చిమ్నీ, స్విచ్చులు, చిన్నాచితకా కలిపి ఇంకో 3 రోజులు. మొత్తం ఎనిమిది తొమ్మిది వారాలు. పాత ఇల్లయితే ఇంకో వారం కలుపుకోండి, ఎందుకంటే గోడ తెరిచాక లోపల ఏముందో చూసేదాకా ఎవరికీ తెలియదు. తుప్పు పట్టి సగం పూడుకుపోయిన పాత ఇనుప (జీఐ) పైపులు, సున్నంతో కట్టిన గోడలు, ఎప్పుడో మూసేసిన కిటికీ, అన్నీ చూశాను. గట్టు, సింకు, టైల్స్ మాత్రమే మార్చుకుని చెక్కపని ముట్టుకోకపోతే పది పన్నెండు రోజుల్లో తేలిపోతుంది.

జనానికి ఎక్కువ డబ్బు పోగొట్టే అపోహ మాత్రం ఇంకొకటుంది. ‘క్యూరింగ్ అంటే గోడ ఆరడమేగా. ఫ్యాను పెడితే తొందరగా ఆరిపోతుంది.’

క్యూరింగ్ అంటే ఆరబెట్టడం కాదండీ, తడిగా ఉంచడం. సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు, నీటితో కలిసి లోపల మార్పు జరిగి గట్టిపడుతుంది. ఆ మార్పు పూర్తవకముందే నీరు లాగేస్తే పైపైన గట్టిగా కనిపిస్తుంది, గోరుతో గీస్తే పొడి రాలుతుంది. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన సిమెంటు) లాంటివయితే 10 రోజులు తడిగా ఉంచమంటుంది. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేది పీపీసీయే. ప్లాస్టరింగ్‌కీ వారానికి తక్కువ వద్దంటాను.

తణుకు దగ్గర ఒక ఇంట్లో పెద్దాయన పాపం నాకు సాయం చేద్దామనే అనుకున్నాడు. మేం సాయంత్రం వెళ్లాక రెండు పెడస్టల్ ఫ్యాన్లు తెచ్చి కొత్త ప్లాస్టరింగ్ మీదకి తిప్పి రాత్రంతా ఆన్ చేసి ఉంచాడు. పొద్దున వెళ్లేసరికి గోడంతా సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు అడుగులా. ఆయనేమో నవ్వుతూ "చూశారా, ఎంత పొడిగా ఉందో!" అన్నాడు. ఆ గోడ మళ్లీ చెక్కి ప్లాస్టర్ చేశాం. రోజులు మిగలడం అటుంచి, ఇంకో పదకొండు రోజులు పోయాయి.

అలా తడిపిన గోడ ఆ తర్వాత ఆరాలి. రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు రోజులు. మన దగ్గర రెండోదే కష్టం. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీరొచ్చే ఊళ్లున్నాయి. పాత ఇళ్లకి పునాది మీద నెమ్ము ఆపే పొర ఉండదు. ఇటుక వత్తిలా కింద నీటిని పైకి పీలుస్తుంది. కింద మూడడుగులు రంగు ఊడి తెల్లటి ఉప్పు పూస్తుంటే అదే. దానిమీద టైల్ అతికించేస్తే నెమ్ము పోదు, టైల్ దాటి ఇంకా పైకి ఎక్కుతుంది.

గోడ ఆరేదాకా ఆగమని అంత ధైర్యంగా చెప్పడానికి కారణం, నేను ఒకసారి చేతులు కాల్చుకోవడమే. ఎనిమిదేళ్ల కిందట పాలకొల్లు దగ్గర ఒక పెళ్లి ఇల్లు. మాఘమాసంలో ముహూర్తం. ప్లాస్టరింగ్ అయిన తొమ్మిదో రోజున పెట్టెలు బిగించేశాను. కార్పెంటర్ రెండుసార్లు గోడ తట్టి "ఇంకా చల్లగా ఉందండి" అన్నాడు, నేనే వినలేదు. పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. శ్రావణమాసంలో ఫోనొచ్చింది. వెళ్లాను. సింకు కింద తలుపు తీయగానే బూజు వాసన గుప్పుమంది. వెనక పలక చేత్తో పట్టుకుంటే తడిసిన అప్పడంలా ముక్క ఊడొచ్చింది. తలుపు కబ్జాలు ఎర్రగా తుప్పు. పక్క గూట్లో కొత్త పెళ్లికూతురి సారె స్టీలు సామాను, వాటి కింద పరిచిన పేపరు గోడకి అతుక్కుపోయింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, కాఫీ ఇచ్చింది. అరిచినా బాగుండేది. కింద వరస పెట్టెలన్నీ నా ఖర్చుతో మార్చాను.

అప్పట్నుంచీ నాకొక అలవాటు. అడుగున్నర చదరం పాలిథిన్ కాగితం గోడకి వేసి, నాలుగు పక్కలా టేపు గట్టిగా అంటించి వచ్చేస్తాను. మర్నాడు పొద్దున లోపలివైపు సన్నటి ముత్యాల్లా నీటి చుక్కలు కనిపిస్తే చెక్క ముట్టుకోం. కాగితం కింద గోడ రంగు ముదిరినా అంతే. ఒక్కచోట కాదు, సింకు దగ్గరా, కింద మూలల్లోనూ పెట్టి చూడాలి. రూపాయి ఖర్చు లేని పని, మీరే చేసుకోవచ్చు. తొందరపడే కస్టమరు కూడా ఆ చుక్కలు కళ్లారా చూశాక నోరెత్తడు.

ఫ్యాక్టరీ 3, 4 వారాలు తీసుకుంటుందని విసుక్కుంటారు గానీ, నిజానికి గోడ ఆరేది ఆ వారాల్లోనే. కిటికీలు తెరిచి ఉంచండి చాలు. ‘ముందే ఆర్డర్ ఇచ్చేస్తే టైమ్ కలిసొస్తుంది’ అని పాత గోడ కొలతలు ఇచ్చేవాళ్లున్నారు. ప్లాస్టరింగ్, టైల్స్ అయ్యాక గోడ అరంగుళం ముందుకొస్తుంది, మూల మట్టం తేడా వస్తుంది. అప్పుడు పెట్టె పట్టదు, లేదా పక్కన వేలు దూరేంత సందు మిగులుతుంది. బొద్దింకలకి సొంతిల్లు.

నీళ్ల సంగతి కూడా. మొగల్తూరు, కాళ్ల మండలాల వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఎండాకాలం కాలువలకి నీళ్లు ఆపేశాక మంచినీళ్లు దొరక్క ఆ నీళ్లతోనే సిమెంటు కలిపేస్తారు. ఆ ఉప్పే తర్వాత గోడ మీద పూస్తుంది, గట్టు పలకలో ఇనుముంటే దాన్నీ తినేస్తుంది. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే నీళ్లు సిమెంటులో పోయకండి. ట్యాంకరు తెప్పించుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ‘710 ప్లై (ఐఎస్ 710 ప్లైవుడ్) అయితే నీళ్లలో వేసినా ఏం కాదు.’ ఆ నంబరు ముఖ్యంగా మరిగే నీటిని తట్టుకునే జిగురు గురించి. అంచులకి బ్యాండింగ్ (అంటించే పట్టీ) సరిగా లేకపోతే నీరు అక్కణ్నుంచే దూరుతుంది. సింకు కింద మాత్రం 303 ఎంఆర్ (తేమని మాత్రమే తట్టుకునే రకం ప్లై) వాడొద్దు. ‘గ్రానైట్ మీద మరక పడదు.’ లేతరంగు రాయి మీద నూనె, పసుపు తుడవకుండా వదిలితే పడుతుంది. చీమకుర్తి నలుపయితే కనిపించదు, అంతే. ‘వాస్తు ప్రకారం సింకు జరిపేయడం ఒక పూట పని.’ ఆగ్నేయంలోకి పొయ్యి జరపడం తేలికే, సింకు కాదు. మురుగు పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు కావాలి. పదడుగులు జరిపితే రెండున్నర అంగుళాలు దిగాలి. ఆ రెండున్నర అంగుళాలు ఎక్కణ్నుంచి తెస్తారో ముందు పంతులు గారినీ నన్నూ కూర్చోబెట్టి తేల్చండి.

గట్టు ఎత్తు మాత్రం కేటలాగు చూసి పెట్టొద్దు. వంట చేసే మనిషిని నిలబెట్టి, మోచేయి మడిచి, దానికి నాలుగైదు అంగుళాలు కింద గీత గీయండి. అత్తగారు పొట్టి, కోడలు పొడుగు అయితే ఎవరు ఎక్కువ వండుతారో వాళ్లే తేల్చుకోవాలి. ఆ పంచాయితీలో నేను తలదూర్చను.

ఈ రెండు నెలలూ వండేది ఎక్కడ అనేదే ఆడవాళ్ల అసలు టెన్షన్. మగవాళ్లు దాని గురించి ఒక్కసారి కూడా అడగరు. పగలగొట్టకముందే వెనక వరండాలోనో మేడ మెట్ల కిందో ఒక బల్ల, రెండు బర్నర్ల పొయ్యి, కుళాయి కింద పెద్ద టబ్బు పెట్టించండి. పాత సింకు పారేయకుండా అక్కడే ఇటుకల మీద నిలబెట్టిస్తాను. గ్యాస్ సిలిండర్ గాలి ఆడేచోట నిలువుగా ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. దుమ్ము రాకుండా వంటింటి గుమ్మానికి తడిగుడ్డ కాదు, జిప్ ఉన్న ప్లాస్టిక్ తెర కట్టించండి. పప్పుల డబ్బాలు ముందే పడగ్గదిలోకి వెళ్లిపోవాలి.

నన్నడిగితే సంక్రాంతి ముందు కాదు, కనుమ వెళ్లాక మొదలుపెట్టండి. పని వాళ్లు ఊళ్ల నుంచి తిరిగొస్తారు, వానలుండవు, కాలువల్లో నీళ్లుంటాయి, గోడ చక్కగా ఆరుతుంది. ఉగాది పచ్చడి కొత్త గట్టు మీదే కలుపుకోవచ్చు. మొన్న ఒకావిడకి ఫోన్లో ఇదే చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేనండి, పండక్కి అరిసెలు పాత పొయ్యి మీదే వండేస్తాను. కనుమ మర్నాడు వచ్చి పని మొదలుపెట్టండి, ఆ పాలిథిన్ కాగితం మాత్రం మర్చిపోవద్దు" అంది.