అటక మీది కంప్యూటరు, పదిహేను సెకన్ల కబుర్లు

విజయవాడలో మా ఇంటి అటక మీద ఎనిమిదేళ్లుగా దుమ్ము పట్టి ఉన్న డెస్క్‌టాప్‌ను పాత సామాన్లు కొనే అతనికి తూకానికి ఇచ్చేయబోయాను. కాటా మీద పెడుతుంటే వెనకవైపు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు కంటపడింది. బేరం అక్కడే ఆగిపోయింది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు ఉండదు. హ్యామ్ రేడియో వాళ్లకు, అంటే సరదా కోసం సొంత రేడియోతో దూరాల వాళ్లతో మాట్లాడుకునే వాళ్లకు, మాత్రం అది ఉచితంగా దొరికిన స్విచ్చు. వాళ్ల రేడియో వినడం మాని ప్రసారం మొదలుపెట్టాలంటే రేడియోలోని ఒక తీగ గ్రౌండుకు తగిలితే చాలు. కంప్యూటరు తలచుకుంటే పోర్టులోని 7వ పిన్ను మైనస్ వోల్టేజీ నుంచి ప్లస్‌కు మారుతుంది. ఆ పిన్నుకూ రేడియోకూ మధ్య ఒక బీసీ 547 ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు, ఒక డయోడు పెడితే స్విచ్చు సిద్ధం. డయోడును మానేయాలనిపిస్తుంది కానీ మానకూడదు. పని లేనప్పుడు పిన్ను మీద ఉండే మైనస్ వోల్టేజీ పది దాటవచ్చు, ట్రాన్సిస్టరు బేస్ ఓర్చుకునేది ఆరు వోల్టుల వరకే.

ఇక మాట్లాడే పద్ధతి ఎఫ్‌టీ8: గొంతుతో కాదు, కంప్యూటర్లు రేడియో మీద స్వరాలుగా పంపుకునే పొట్టి సందేశాలతో. జంట పల్సార్‌ను (క్రమం తప్పకుండా రేడియో తరంగాలు వెదజల్లే నక్షత్రం, మరో నక్షత్రంతో జంటగా) కనిపెట్టి 1993లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంకేతో కలిసి 2017లో దీన్ని తెచ్చారు. సందేశం మొత్తం 77 బిట్లే. ఎనిమిది స్వరాలు మారుతూ 12.64 సెకన్ల పాటు సాగుతుంది, 50 హెర్ట్జ్‌ల సందులో ఇమిడిపోతుంది. మనిషి గొంతుకు అయితే అంతకు సుమారు యాభై రెట్ల చోటు కావాలి. 15 సెకన్లకొక వంతు. ప్రసారం ముగిశాక మిగిలే రెండు సెకన్లలోనే కంప్యూటరు సందేశాలను విప్పుకోవాలి. మా పెట్టె ఒక్కోసారి ఆయాసపడుతుంది, అప్పుడు లోతుగా వెతకడం తగ్గించుకుంటాను.

అసలు తిప్పలు ప్రాసెసరుతో కాదు, గడియారంతో వచ్చాయి. రెండు రోజులు తెర ఖాళీగానే ఉంది. యాంటెన్నాను తిట్టుకున్నాను: పాత లాన్ కేబులు తీగలతో, చెరో అయిదు మీటర్ల చొప్పున, డాబా మీద నీళ్ల ట్యాంకు నుంచి దండెం కర్ర వరకు నేనే కట్టిన డైపోల్ అది. పాపం, దాని తప్పేమీ లేదు. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్ 2032, చచ్చిపోయింది. స్విచ్చు వేసినప్పుడల్లా కంప్యూటరు తాను తయారైన కాలానికి వెళ్లిపోతోంది. ఎఫ్‌టీ8లో గడియారం రెండు మూడు సెకన్లు తప్పినా ఎవరి మాటా అర్థం కాదు. బ్యాటరీ మార్చి, ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేశాను.

ఒక్క మాట: వినడం దాటి ప్రసారం చేయాలంటే హ్యామ్ లైసెన్సు ఉండి తీరాలి. వరదలప్పుడో కరెంటు పోయినప్పుడో కబురు పంపడానికి ఈ డెస్క్‌టాప్ పనికిరాదు, ఊరికే కరెంటు తాగుతుంది. అందుకు బ్యాటరీ బతికున్న పాత ల్యాప్‌టాప్ నయం.

ఆ రాత్రి 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర మొదటి వరుస తెర మీద పడింది. వైబీతో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియో కేంద్రం గుర్తింపు పేరు), అంటే ఇండోనేషియా. బలం మైనస్ 17 డెసిబెల్స్, అంటే హోరు కంటే తక్కువ. స్పీకరులో మాత్రం హోరు తప్ప నాకేమీ వినిపించలేదు.